కట్టాలా, కడగాలా, కదలకుండా ఉంచాలా?

పోయిన నెల పెరంబూరులో ఒక అపార్ట్‌మెంటు మేడ మీద సాయంత్రం పూట ఓ నలభై మంది తెలుగువాళ్లు కూర్చున్నారు. ప్రథమ చికిత్స గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. మాది నెల్లూరు జిల్లా, చెన్నైలో ఎమర్జెన్సీ వార్డు నర్సుగా పనిచేయబట్టి పందొమ్మిదేళ్లు. నేను మొదలుపెట్టకముందే ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన లేచారు. "అమ్మా, పాము కరిస్తే పైన గట్టిగా కట్టు కట్టమని మాకు బళ్లో చెప్పారు. ఇప్పుడు కట్టొద్దంటున్నారు. విషం మింగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించమనేవాళ్లు, ఇప్పుడు అదీ వద్దట. కుక్క కరిస్తే కడగాలట, పాము కరిస్తే కడగకూడదట. కంగారులో ఉన్నవాడికి ఇవన్నీ ఎట్లా గుర్తుంటాయమ్మా?"

ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. విడివిడిగా బట్టీపట్టిన సూత్రాలు కంగారులో ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చుంటాయి. పాముకాటును బ్లేడుతో కోసి, కుక్కకాటుకు పసుపు అద్ది, యాసిడ్ మింగిన పిల్లాడి గొంతులో వేలు పెట్టి తెచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లలో ఒక్కరు కూడా ప్రేమ లేనివాళ్లు కారు. చేతులు కట్టుకుని చూస్తూ ఉండలేక ఏదో ఒకటి చేసినవాళ్లు.

అందుకే ఆ రోజు నేను సూత్రాలు పక్కనపెట్టి ఒక్క ప్రశ్న చెప్పాను: ఆ విషం ఈ క్షణంలో ఎక్కడుంది? చర్మం మీద, గాయం అంచున ఉంటే దాన్ని వదిలించే పని మనదే, అక్కడికక్కడే, ఆసుపత్రికి బయల్దేరకముందే. ఒంట్లోకి దిగిపోయి ఉంటే దాని వెంట పడకూడదు. మనిషిని కదలనీయకుండా విరుగుడు ఉన్న చోటికి చేర్చాలి. విషం గాల్లో ఉంటే ఆ గాలి నుంచి మనిషిని తప్పించాలి. వడదెబ్బలోనూ, కాలిన గాయంలోనూ విషం బదులు వేడి అనుకోండి. ఈ ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకుంటే, ఒకదానికొకటి పొసగనట్టు కనిపించే సలహాలన్నీ ఒక దారిలోకి వస్తాయి.

పాము: లోపలికి దిగిపోయిన విషం

పాత మహాబలిపురం రోడ్డు పక్కన కట్టే బిల్డింగుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు వందల మంది పనిచేస్తారు. చిత్తడి నేలలు పూడ్చి కట్టిన చోట్లు అవి. వానలు పడ్డాక పాములు పొడినేల వెతుక్కుంటూ సెంట్రింగ్ చెక్కల కిందికి చేరతాయి. ఒక రాత్రి అలాంటి సైటు నుంచి పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని తెచ్చారు. చీలమండ పైన కాటు. మోకాలి కింద నైలాన్ తాడు, తొడకు చొక్కా గుడ్డ, రెండూ ఎముక అదిమేంత బిగించి ఉన్నాయి. తాడు కింద కాలు వంకాయ రంగుకు తిరిగింది. నేను తాడు మీద చెయ్యి వేయగానే వాళ్ల మావ నా మణికట్టు పట్టుకున్నాడు: "కట్టు ఇప్పీకండి అక్కా, ఇసం పైకెక్కిపోద్ది."

ఆయన భయంలో కొంత నిజం ఉంది. అంత బిగువుగా కట్టిన కట్టును ఒక్కసారిగా విప్పితే కింద పోగుపడిన విషం గుప్పున పైకి వస్తుంది, ఊపిరి ఆగిపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే దాన్ని ఆసుపత్రిలో, సెలైన్ లైను పెట్టి, పాము విషానికి విరుగుడైన యాంటీవెనమ్ మందు సిద్ధం చేసుకుని మెల్లమెల్లగా వదులుచేస్తారు. ఆ కుర్రాడికీ అలాగే చేశారు. ప్రాణం దక్కింది. కానీ పిక్క చుట్టూ చర్మం, కండ కుళ్లి, తొడ నుంచి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. కాటేసింది రక్తపింజరి. దాని విషం కండను తినేస్తుంది. పలచబడి పోవాల్సినదాన్ని ఒక్కచోటే బంధించి ఉంచింది ఆ తాడు.

పాము కోర ఇంజెక్షన్ సూది లాంటిది. విషాన్ని చర్మం కింద, కండలో దించుతుంది. పైన కడిగితే పోదు. నోటితో పీలిస్తే రాదు. కోస్తే ఇంకో ప్రమాదం: రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది కాబట్టి మనం పెట్టిన గాటు కారుతూనే ఉంటుంది. ఆసుపత్రిలో చేసే మొదటి పరీక్ష కూడా దీని మీదే. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే పింజరి విషం ఎక్కినట్టు.

కండలో దిగిన విషం చాలావరకు శోషరస నాళాల గుండా, అంటే కండల మధ్య ఊరే నీటిని మోసే సన్నటి గొట్టాల గుండా ప్రయాణిస్తుంది. ఆ నాళాలను తోసేది గుండె కాదు, మన కండరాల కదలికే. నడిస్తే, పరుగెత్తితే, కాలు జాడిస్తే మన చేత్తో మనమే పంపు కొట్టినట్టు. కాబట్టి చేయగలిగిన మేలు ఒకటే. ఎముక విరిగినవాడికి చేసినట్టు కాటుపడ్డ కాలుకో చేతికో కర్రో, మడిచిన అట్టో పెట్టి, వేలు దూరేంత వదులుగా గుడ్డ చుట్టి, కదలకుండా చేయడం. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయాలి, వాపు వచ్చాక అవే కట్లవుతాయి. నడిపించకుండా మోసుకెళ్లాలి. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108 రావడం ఆలస్యమైతే బైకు మీదే వెనకాల ఒకరు పట్టుకుని మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పామును చంపి తేవాల్సిన పని లేదు. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిది, లేకపోయినా వైద్యం ఆగదు.

మన దేశంలో ఇచ్చే యాంటీవెనమ్ నాలుగు పాములకూ కలిపి ఒకటే కాబట్టి ఆగదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. ఆ మందు పుట్టుకలో చెన్నైకి పెద్ద వాటా ఉంది. తూర్పు తీర రహదారి మీద వడనెమ్మేలిలో 1978లో మొదలైన, ఇరుళర్ అనే గిరిజన తెగకు చెందిన పాములు పట్టేవారి సహకార సంఘం ఉంది. తరతరాలుగా పాముల్ని ఎరిగిన ఇరుళర్లు లైసెన్సు మీద పాముల్ని పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. దేశంలో యాంటీవెనమ్ తయారీకి వెళ్లే విషంలో ఎక్కువ భాగం వాళ్ల చేతుల మీదుగా పోయేదే. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి మందు చేస్తారు. ఇరుళర్లలో వడివేల్ గోపాల్, మాసి సడైయన్ గార్లకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వార్డులో మేం స్వీట్లు పంచుకున్నాం. మేం రోజూ విప్పే ఆ సీసాల వెనక ఉన్న మనుషులు వాళ్లు.

ఈ మందు గురించి తల్లిదండ్రులు తప్పక అడిగే మాట ఒకటుంది: "చంటిపిల్ల కదా సిస్టర్, డోసు తగ్గిస్తారా?" తగ్గించరు. పాము పెద్దల్ని కరిచినా పిల్లల్ని కరిచినా దించే విషం అంతే, కాబట్టి విరుగుడూ అంతే.

కట్లపాము సంగతి వేరుగా చెప్పాలి. అది రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. గ్యాస్ అనుకుని సోడా పట్టించి పడుకోబెట్టిన కేసులు నేనే చూశాను. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడుపడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. నేల మీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచి, కళ్లు పూర్తిగా తెరవలేకపోతున్నాడంటే పాము కనబడకపోయినా పాముకాటే అనుకుని బయల్దేరండి. దోమతెర అంచులు చాప కిందికి దోపుకుని పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

మరి మంత్రం వేయిస్తే బతికినవాళ్లు, నల్లరాయి పెడితే నయమైనవాళ్లు ఉన్నారు కదా? ఉన్నారు. కరిచిన పాముల్లో విషం లేనివి చాలా ఉంటాయి. విషపు పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం దించదు. అలాంటి కాటు పడినవాడు ఏమీ చేయకపోయినా బతికేవాడే, ఆ పేరు మంత్రానికి దక్కింది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఏడాదికి సుమారు 58 వేలు. అందుకే పాముకాటు కేసులన్నీ ప్రభుత్వానికి తెలియజేయాలని కర్ణాటక 2024 ఫిబ్రవరిలో, తమిళనాడు అదే ఏడాది నవంబరులో నియమం పెట్టాయి.

కుక్క: గాయం అంచున ఆగి ఉన్న విషం

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. రేబిస్ క్రిమి కుక్క లాలాజలంతో గాయంలోకి వచ్చి కొంతకాలం అక్కడే, కండలో ఉంటుంది. నరం దొరికాకే మెదడు వైపు ప్రయాణం మొదలుపెడుతుంది. దాని పైపొర కొవ్వుతో చేసింది, సబ్బుకు కరిగిపోతుంది. కాబట్టి కుళాయి కింద పెట్టి, ధారగా నీళ్లు పోస్తూ, మామూలు బట్టల సబ్బుతోనైనా సరే, గడియారం చూసుకుని 15 నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే చాలా సేపు. పిల్లాడు ఏడుస్తుంటాడు, పక్కింటివాళ్లు త్వరగా తీసుకెళ్లమంటారు. తొందరపడొద్దు. ఆ పావుగంట వృథా కాదు, అదే మొదటి మందు. తర్వాత గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందు ఉంటే రాయండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టొద్దు. అవి గాయాన్ని రేపి క్రిమిని లోపలికి నెడతాయి. కట్టు కట్టొద్దు, కుట్లు వేయమని పట్టుబట్టొద్దు.

ఆ రోజే టీకా. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలో ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. టీకాతో ఒంట్లో రక్షణ పుట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు కాపలా కాసేది ఆ ఇంజెక్షనే. దాని గురించి మీరే నోరు తెరిచి అడగండి. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయంతో ఇప్పటికీ వెనకాడేవాళ్లున్నారు. ఆ పాత టీకా ఇరవై ఏళ్ల కిందటే పోయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు.

కుక్కపిల్లయినా, పెంపుడు కుక్కయినా, పిల్లి అయినా, కోతి అయినా ఇదే లెక్క. గోరుతో గీరినా, చిట్లిన చర్మం మీద నాకినా చూపించుకోవాలి. పిల్లలు తిడతారని చెప్పరు. మా దగ్గరకు వచ్చిన ఒక పాప కుక్క గీరిన మోచేతిని నాలుగు రోజులు పొడుగు చేతుల గౌనుతో దాచింది. ఆ నాలుగు రోజుల ఆలస్యానికి కూడా మందు ఉంది, ఆ పాపకు వేశాం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మాత్రం వైద్యం అంటూ లేదు. కాబట్టి కుక్క జోలికి ఎందుకెళ్లావని పిల్లల్ని కొట్టకండి, కొడితే రేపు చెప్పరు.

కుట్టేవి

తేనెటీగ కుట్టి ముల్లు వదిలేస్తుంది, దానితోపాటు విషపు తిత్తి కూడా. ఆ తిత్తి కొన్ని క్షణాలపాటు కొట్టుకుంటూ విషం దించుతూనే ఉంటుంది. గోరుతో గీకినా, వేళ్లతో లాగినా ఫరవాలేదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, అదే మళ్లీ మళ్లీ కుట్టగలదు. పైఅంతస్తుల్లో పెద్ద తేనెపట్లు పట్టినప్పుడు పొగ పెట్టి లేపొద్దు. పదుల్లో కుడితే ఎలర్జీ లేకపోయినా విషమే ఎక్కువై ప్రమాదమవుతుంది.

నిజంగా ప్రాణం తీసేది చాలాసార్లు ఈగ విషం కాదు, దాని మీద మన ఒళ్లు చేసే తిరుగుబాటు. కుట్టిన చోట వాపు, మంట మామూలే. కుట్టని చోట దద్దుర్లు లేచినా, పెదవులో నాలుకో ఉబ్బినా, గొంతు బొంగురుపోయినా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగి వాంతి అయినా అది వేరే కథ. అప్పుడు కావాల్సింది తొడ కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎలర్జీ మాత్ర దానికి సాటి రాదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తు పెట్టండి, ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోబెట్టండి. నడిపించొద్దు, ఒక్కసారిగా లేపి నిలబెట్టొద్దు. అలా లేపినప్పుడే గుండె ఆగిపోయిన సందర్భాలున్నాయి.

తేలు విషయంలో మనవాళ్లు నొప్పిని చూసి భయపడతారు, చూడాల్సింది నొప్పిని కాదు. నల్లటి మండ్రగబ్బ కుడితే నొప్పి భరించలేం కానీ చాలావరకు అంతటితో పోతుంది. చిన్న ఎర్రతేలు గుండెను పట్టుకుంటుంది. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం కనిపిస్తే పరుగెత్తాలి, పిల్లల్లో మరీ. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే చవక మాత్ర ఎర్రతేలు కాటును అదుపు చేస్తుందని నిరూపించారు. అంతకుముందు చేతుల్లోనే పోయే పిల్లలు దాంతో ఇంటికి నడిచివెళ్లారు. మండ్రగబ్బకైనా ఎర్రతేలుకైనా కట్టు అక్కర్లేదు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క నొప్పికి పనికొస్తుంది.

మింగిన విషం, పీల్చిన విషం

చెన్నైలో బోరునీళ్ల ఉప్పు మరకలకు బాత్రూముల్లో యాసిడ్ వాడని ఇల్లు తక్కువ. సైకిలు మీద వచ్చి అమ్మేవాళ్ల దగ్గర పాత మంచినీళ్ల సీసాల్లో పోయించుకుంటాం. తెల్లటి సీసా, తెల్లటి ద్రవం, నేల మీద. ఆడుకుని దాహంతో వచ్చిన నాలుగేళ్ల పిల్లాడికి అది నీళ్లే. ఇన్నేళ్లలో నా మనసును అన్నిటికంటే ఎక్కువ పిండినవి ఈ కేసులే. ఎందుకంటే ఒక్క సీసా మార్చుకుంటే జరగనివి అవి.

మింగిన విషం కడుపులో ఉంది. దాన్ని బయటికి రప్పించాలనిపించడం సహజం. కానీ రప్పించే దారిలో ఏముందో చూడండి. యాసిడ్, డ్రైనేజీ పొడి లాంటివి దిగేటప్పుడు గొంతును ఒకసారి కాలుస్తాయి, కక్కితే రెండోసారి కాలుస్తాయి. కిరోసిన్, టర్పెంటైన్ కడుపులో చేసే హాని కంటే వాంతిలో ఊపిరితిత్తుల్లోకి జారి చేసే హాని చాలా ఎక్కువ. మత్తులో ఉన్నవాళ్లు కక్కితే అది శ్వాసనాళానికే. ఇక ఉప్పునీళ్లు తమంతట తామే విషం, చిన్నపిల్లల రక్తంలో ఉప్పు పెరిగి మెదడు దెబ్బతింటుంది. పాలు, గుడ్డు, పేడనీళ్లు, చింతపండు రసం ఏవీ విరుగుళ్లు కావు. స్పృహ ఉంటే నోరు పుక్కిలించి ఉమ్మించండి. ఒంటి మీద పడి ఉంటే బట్టలు విప్పి ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే కుళాయి కింద ఇరవై నిమిషాలు. పురుగుల మందైతే చర్మం నుంచి కూడా ఎక్కుతుంది, కాబట్టి సబ్బుతో కడగాలి, కడిగేవాళ్లు చేతులకు కవరు తొడుక్కోవాలి. చూడండి, ఇక్కడా మన ప్రశ్నే: పైన ఉన్నదాన్ని కడగాలి, లోపల ఉన్నదాన్ని కదపకూడదు.

సీసానో, డబ్బానో, మాత్రల అట్టనో వెంట తీసుకురండి. వాసన చూసి చెప్పే సంగతి కాదు అది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. రాత్రీ పగలూ ఫోనెత్తుతారు, డాక్టర్లూ దాన్నే అడుగుతారు.

మన ఇళ్లలో విషం అని అనిపించనివి రెండు చెబుతాను. పూజగదిలో హారతి కర్పూరం, బీరువాలో కలరా ఉండలు. తెల్లగా, కలకండలా ఉంటాయి. కర్పూరం బిళ్ల మింగిన చంటిపిల్లలకు అరగంటలోనే ఫిట్స్ రావచ్చు. కలరా ఉండ కొందరు పిల్లల్లో రక్తకణాలను పగలగొడుతుంది, ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్లు పాలిపోయి, మూత్రం పాలు కలపని టీ రంగులో వస్తుంది. ఎలుకల కోసం బిస్కెట్టు మీద రాసి పెట్టే పేస్టు మరీ మోసగత్తె. మింగిన రోజు కొంచెం వాంతి, మర్నాడు పిల్లాడు ఆడుకుంటాడు, మనం హమ్మయ్య అనుకుంటాం, మూడో రోజుకు కాలేయం దెబ్బతిని కనిపిస్తుంది. "బాగానే ఉన్నాడు కదా" అన్న మాటను ఈ మూడింటి దగ్గరా నమ్మకండి. ఎంత కొంచెం మింగినా అదే రోజు చూపించండి.

గాలిలో విషం గురించి రెండు మాటలు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేసారి పోసి బాత్రూము కడిగితే క్లోరిన్ వాయువు పుడుతుంది. గ్యాస్ గీజరు మూసిన బాత్రూములో వెలిగితే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా లేవు, రక్తాన్ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లినవాళ్లు పలకకపోతే తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి, మనిషిని బయటి గాలికి లాగండి. ముందు లోపలే కూర్చుని లేపబోతే ఇద్దరవుతారు.

వేడి

గుండెలు గట్టిగా ఉన్న కుర్రాడు కూడా వడదెబ్బకు గంటల్లో పోతాడు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది, చెన్నైలో అదే రికార్డు. కానీ ఈ ఊళ్లో డిగ్రీల లెక్క సగమే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. సముద్రపు తేమలో చెమట ఆరదు, కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. అందుకే కర్నూలు ఎండలో పెరిగినవాళ్లు ఇక్కడ 37 డిగ్రీలకే కూలబడతారు. మే నెల కత్తిరి ఎండలు పోయాయి కదా అనీ అనుకోవద్దు. 2024 అక్టోబరు 6న మెరీనాలో వైమానిక ప్రదర్శన చూడటానికి లక్షల మంది వచ్చిన రోజు ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు.

నీరసం, తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం, అయినా మాట సరిగ్గా ఉంది అంటే నీడకు చేర్చి, కాళ్లు ఎత్తు పెట్టి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా పట్టండి. ఒక ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి అమ్మిన తియ్యటి డబ్బా పానీయాలు దీనికి పనికిరావు. మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 దాటి ఉంటుంది. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అంటారు మేస్త్రీలు. పనిచేస్తూ పడిపోయినవాడికి చెమట పడుతూనే ఉండొచ్చు. మెదడు ఆ వేడిలో ఉడుకుతోంది. ప్రతి నిమిషం లెక్కే. అందుకే ఇక్కడ అంబులెన్సు కంటే ముందు నీళ్లు. సైటులో టార్పాలిన్ ఉంటుంది కదా, నలుగురూ నాలుగు చెంగులు ఎత్తి తొట్టిలా పట్టుకుని, మనిషిని అందులో పడుకోబెట్టి, నీళ్లు, దొరికితే ఐసు పోసి కలియబెట్టండి. ముఖం మాత్రం నీళ్లపైనే ఉండాలి. అది కుదరకపోతే బట్టలు వదులుచేసి ఒళ్లంతా తడుపుతూ ఫ్యాను పెట్టండి, చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు మూటలు. 108కి ఫోను ఆ పక్కన ఇంకొకరు చేస్తుంటారు. పారాసిటమాల్ ఇవ్వకండి, ఇది జ్వరం కాదు, ఆ మాత్రకు తగ్గదు. స్పృహ సరిగ్గా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. జేబులో ఉల్లిపాయ ఏమీ చేయదు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు, పండక్కి వెళ్లి తిరిగొచ్చినవాళ్లకు మొదటి వారం ప్రమాదం ఎక్కువ. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పని సగం చేయించమని నేను సైటు సూపర్‌వైజర్లను చేతులెత్తి అడుగుతుంటాను.

కాలిన గాయానికీ ఇదే న్యాయం. పొయ్యి మీద నుంచి సాంబారు ఒలికిపోయింది, మంట పోయింది, కానీ వేడి చర్మం లోపలి పొరల్లో ఇంకా దిగుతూనే ఉంది. కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు. ఐసు కాదు. పేస్టు, ఇడ్లీపిండి, ఇంకు కాదు. బొబ్బలు చిదమొద్దు. తర్వాత శుభ్రమైన తడిలేని గుడ్డ కప్పి తీసుకురండి.

చలిదెబ్బ మన ఊళ్లో అరుదే. అయినా 2015, 2023 డిసెంబరు వరదల్లో గంటలకొద్దీ నీళ్లలో నిలబడిన ముసలివాళ్లు, చంటిపిల్లలు చల్లబడిపోయి వచ్చారు. తడిబట్టలు తీసేసి, పొడి దుప్పటి చుట్టి, పసిబిడ్డనైతే తల్లి గుండెకు ఆనించి ఉంచాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దడం, బ్రాందీ పట్టడం రెండూ చెరుపే.

అరవంలో చెప్పేటప్పుడు

చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్లు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఇంకో చోట కూడా తడబడతారు. మన "మూర్ఛ వచ్చింది" అన్న మాట అరవవాళ్ల చెవికి "మూచ్చు" అని పడుతుంది. మూచ్చు అంటే ఊపిరి. మూర్ఛకు వాళ్ల మాట "వలిప్పు". అదే "వలి" అంటే నొప్పి. "మయక్కం" అంటే కళ్లు తిరగడమూ కావచ్చు, స్పృహ తప్పడమూ కావచ్చు, కాబట్టి మనిషి పలుకుతున్నాడా లేదా చేత్తో చూపించి చెప్పండి. పాముల పేర్లలో గొడవ మరీ ఎక్కువ. మన కట్లపాము వాళ్లకు "కట్టు విరియన్", మన రక్తపింజరి "కణ్ణాడి విరియన్". రెంటిలోనూ విరియన్ ఉంది కానీ ఒకటి నరాలను పడుతుంది, ఒకటి రక్తాన్ని. నాగుపాము "నల్ల పాంబు". అరవంలో నల్ల అంటే మంచి, నలుపు కాదు. జెర్రిపోతు "సారై పాంబు", దానికి విషం లేదు. పేరు మీద నమ్మకం లేకపోతే పేరు చెప్పకండి, "పాంబు కడిచిరుచ్చు" అంటే చాలు.

మేడ మీది ఆ సాయంత్రం ముగిసేసరికి ఆ పెద్దాయన తన జేబులోని పెన్ను తీసి, "కరిచిన టైము ఎక్కడ రాయాలమ్మా, కాగితం దొరకదు కదా అప్పుడు?" అన్నారు. కరిచిన కాలు మీదే రాయండి అన్నాను. ఎన్నింటికి కరిచింది, వాపు ఆ గంటకు ఎంతవరకు వచ్చింది, అక్కడో గీత. అరగంటకు ఇంకో గీత, పక్కన టైము. ఆ గీతలు చదవడానికి ఏ భాషా అక్కర్లేదు, డ్యూటీ డాక్టరు ముందు చూసేది వాటినే.